అరచెయ్యి చూపితే ఆగిపోయే మనిషి

నేల మీద తిరిగే మనుషుల్ని ఉమామహేశ్వరి పంతొమ్మిదేళ్లుగా నడినెత్తి వైపు నుంచే చూసింది. బిర్సానగర్ పక్కన లారీలకు ఇనుప భాగాలు చేసే ఓ కార్ఖానాలో ఆమె ఓవర్‌హెడ్ క్రేన్ నడుపుతుంది. కప్పు కింద, నలభై అడుగుల ఎత్తున, పట్టాల మీద కదిలే చిన్న అద్దాల గది ఆమెది. పొద్దున్నే నిచ్చెనెక్కి అందులో కూర్చుంటే మళ్లీ దిగేది అన్నం వేళకే. ఎవరి హెల్మెట్ మీద ఎన్ని గీతలున్నాయో ఆమెను అడిగితే తడుముకోకుండా చెబుతుంది. ఆ హెల్మెట్ తీసేసి అదే మనిషి క్యాంటీన్‌లో ఎదురుపడితే మాత్రం ఎవరో కొత్తవాడనుకుని పక్కకి తప్పుకుంటుంది.

భర్త అక్కడే ఫిట్టర్‌గా చేసేవాడు. కామెర్లొచ్చి పోయాడు. అప్పటికి కూతురు సౌజన్యకు మూడేళ్లు. భర్త బదులు ఉద్యోగం ఇస్తూ, ఊడ్చే పని చేస్తావా, క్రేన్ నేర్చుకుంటావా అని అడిగారు. శ్రీకాకుళం నుంచి తాతల నాడు హిందీ మాట్లాడే ఈ ఊరికి వచ్చి స్థిరపడిన అత్తింటివాళ్లు, ఆడదానికి అంతెత్తు ఎక్కడమేమిటని ముక్కున వేలేసుకున్నారు. ఉమామహేశ్వరి ఎక్కింది. పైన కూర్చుంటే తన మొహం చూసి అయ్యో పాపం అనేవాళ్లుండరని ఎక్కింది. ఆ సంగతి మాత్రం ఎవరితోనూ అనలేదు.

కింద ఆమెకు దారి చూపే ఖలాసీ సీతారాం. సమ్మెటల మోతలో పక్కనున్న మనిషి అరిచినా వినబడదు కనుక, వాళ్లిద్దరి మధ్యా ఉన్న భాషంతా చేతులదే. చూపుడువేలు పైకెత్తి గాల్లో చిన్న సున్నా చుడితే బరువు ఎత్తాలి. వేలు నేలకేసి చూపి చుడితే దించాలి. చెయ్యి చాచి తోస్తే అటు నడవాలి. పనంతా అయ్యాక సీతారాం రెండు చేతులూ పొట్ట దగ్గర కలిపి పట్టుకునేవాడు. అంతా భద్రం, ఇక చాలని అర్థం. దానికి ఆమె కాలి కిందున్న గంట మీటను మడమతో రెండుసార్లు తొక్కేది. టంగ్, టంగ్. తెలిసిందని జవాబు. పంతొమ్మిదేళ్లలో వాళ్లు నోటితో మాట్లాడుకున్న మాటలన్నీ పోగేసినా ఒక బస్సు ప్రయాణానికి చాలవు.

ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఈ సంకేతాలన్నీ ఖలాసీ ఒక్కడే ఇవ్వాలి. మేనేజరు దిగి వచ్చి చేతులూపినా క్రేను కదలకూడదు. కానీ ఎవరైనా సరే, అరచెయ్యి నిలబెట్టి చూపితే తక్షణం ఆగిపోవాలి. టీ కెటిల్ పట్టుకొచ్చినవాడు చూపినా ఆగాలి. ఎందుకు, ఏమిటి అనేవి తర్వాత, ముందు ఆగాలి. ఉమామహేశ్వరి అలాగే ఆగేది. నాలుగు టన్నుల ఇనుప దిమ్మను సీతారాం ఒక్క వేలితో కిందికి పిలిచేవాడు. ఆమె దాన్ని నిద్రపోతున్న పసిబిడ్డను పక్కలో వేసినట్టు దించేది. కొత్తగా చేరిన కుర్ర ఇంజనీర్లు ఆ దించడం చూడ్డానికి పని మానుకుని నిలబడేవారు.

అంతా బాగానే సాగుతుండగా రెండు వార్తలు ఒకేసారి వచ్చాయి. జనవరి ఆఖరున సీతారాం రిటైరవుతున్నాడు. ఆ మర్నాటి నుంచి ఆ క్రేను రిమోటుతో నడుస్తుంది. కేబిన్‌కి తాళం వేస్తారు. నడుముకి ఓ డబ్బా కట్టుకుని ఉమామహేశ్వరి నేల మీదే నడుస్తూ, ఎత్తే బరువును తానే చూసుకుంటూ మీటలు నొక్కాలి. అందరూ అదృష్టవంతురాలివి, నిచ్చెన బాధ తప్పిందన్నారు. ఆమెకు మాత్రం గుండెల్లో రాయి పడింది. నలుగురి మధ్య భుజాలు రాసుకుంటూ తిరగడం ఆమె ఏనాడో మర్చిపోయింది. బజారులో ఎవరి చెయ్యైనా తగిలితే రోజంతా ఒళ్లు బిగుసుకుపోయి ఉండేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే సౌజన్య ఆమెను బలవంతంగా టెల్కో కాలనీలోని కమ్యూనిటీ హాలుకు తీసుకెళ్లింది. ప్రతి శనివారం సాయంత్రం అక్కడ ఓ ముప్ఫై మంది చేరి జంటగా నాట్యం చేస్తారు. సల్సా అంటారు, జైవ్ అంటారు. పోటీలు లేవు, బహుమతులు లేవు. వచ్చినవాళ్లు వచ్చినవాళ్లతో ఆడి, టీ తాగి ఇళ్లకు పోతారు. దాన్ని నడిపేది హరిప్రసాద్, కార్ఖానాలో ఉమామహేశ్వరి పనిచేసే విభాగానికి, అంటే ఆ షాపుకి, ఇంజనీరే. గోడ పక్క కుర్చీలో కూర్చుని ఆమె ఆ ఆట చూసింది. చూస్తూ చూస్తూ చేతిలోని టీ చల్లారబెట్టేసింది. ఇద్దరు మనుషులు. మాట లేదు. ఒకరి చెయ్యి ఇంత కదిలితే రెండోవారు అటు తిరుగుతున్నారు, ఇటు వస్తున్నారు. ఒలమ్మో, ఇది మా పనే కదా అనుకుంది. తలకి హెల్మెట్ లేదు, నెత్తి మీద బరువు లేదు, పైగా నవ్వుకుంటున్నారు. జీవితంలో ఒక్క పాటకి, మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో ఆగకుండా అలా ఆడగలిగితే చాలనిపించింది. నేల మీద మనిషిలా బతకడం వచ్చేసినట్టే అనుకుంది.

మర్నాడే వెళ్లి యోగిత దగ్గర చేరింది. యోగిత కోల్‌కతాలో ఏళ్ల తరబడి నేర్చుకొచ్చిన పిల్ల. ఒక్కొక్కరికే విడిగా నేర్పుతుంది. పన్నెండు పాఠాలకు ఆమె తీసుకునే రుసుము ఉమామహేశ్వరి నెల జీతం. ఈ మాట హాలులో పొక్కగానే హరిప్రసాద్ నొచ్చుకున్నాడు.

"ఉమగారూ, మనమేమైనా పోటీలకి వెళ్తామా చెప్పండి? శనివారం శనివారం వస్తూ పోతుంటే కాళ్లే నేర్చుకుంటాయి. నేను పైసా కట్టలేదు."

అది నిజమే, ఆయన పైసా కట్టలేదు. కట్టాల్సినదంతా ఆయన భార్య కాలివేళ్లు కట్టాయి.

"మమ్మీ, ఇత్‌నా మెహంగా? సోషల్ డాన్స్ హీ తో హై!" అని సౌజన్య హిందీలో గోల చేసింది. సరదాకి ఆడే ఆటకి అంత ఖరీదు ఎందుకని ఆ పిల్ల బాధ.

"కట్టీసినాను. ఇంకేటి మాటాడకు," అంది తల్లి.

మొదటి పాఠంలో యోగిత ఆమె వీపు మీద అరచెయ్యి ఆన్చింది. ఉమామహేశ్వరి నిప్పు తగిలినట్టు గెంతింది. ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. పాట ఆపేసింది. ఆ గంటంతా అడుగు అన్నది లేదు. చెయ్యి వెయ్యడం, తియ్యడం, మళ్లీ వెయ్యడం. "సాఁస్ లీజియే ఆంటీజీ," ఊపిరి తీసుకోమని మెల్లగా చెప్పడం. గంటకి అంత డబ్బు తీసుకుని ఊరికే నిలబెట్టిందని సౌజన్య మండిపడింది. ఉమామహేశ్వరికి మాత్రం ఆశ్చర్యంగా ఉంది. ఇంటికొచ్చాక కూడా వీపు మీద ఆ చెయ్యి ఉన్న చోటు వెచ్చగా తెలుస్తోంది. పంతొమ్మిదేళ్ల తర్వాత ఒక మనిషి చెయ్యి.

నాలుగో పాఠానికి కాళ్లు దారిలో పడ్డాయి. యోగిత నడక చూసి ఆమె నోరు తెరిచేది. మడమ ఎప్పుడు ఆన్చాలో, బరువు ఏ కాలి మీంచి ఏ కాలి మీదకి పోవాలో ఆ పిల్ల ఎంత లెక్కగా చేసేదో చూసి, ఇంత చిన్న ఒంట్లో ఇంత విద్య ఎలా పట్టిందా అని మురిసిపోయేది. నాలుగు టన్నుల్ని మోసే యంత్రం తెలిసిన మనిషి, యాభై కిలోల శరీరం ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

ఆరో పాఠంలో చిక్కొచ్చింది. జంటలో దారి చూపేవాళ్లు చెయ్యి పైకెత్తితే రెండోవాళ్లు దాని కింద గిర్రున తిరగాలి. యోగిత చెయ్యెత్తింది. ఉమామహేశ్వరి ఆగిపోయింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ ఆగిపోయింది. ఎనిమిది, తొమ్మిది, పది పాఠాలు ఇలాగే గడిచాయి. కళ్లు మూసుకుంటే చక్కగా తిరిగేది. తెరిస్తే కాళ్లు నేలకి అంటుకుపోయేవి. అరచెయ్యి కనబడడమే తడవు, పంతొమ్మిదేళ్ల అలవాటు ఆమె కంటే ముందు లేచి బ్రేకు వేసేస్తోంది. ఎవరితోనైనా కూర్చుని మాట్లాడితే నిమిషంలో తేలే సంగతే. కానీ ఆగడం ఆమెకి ఒక పనిలా తోచేదే కాదు, రెప్ప వాల్చడం లాంటిదైపోయింది. అందుకని తన బుర్రే మొద్దుదనీ, వయసు మీరిపోయిందనీ లోలోపల కుమిలిపోయింది. పన్నెండో పాఠమూ అయిపోయింది.

జనవరి ముప్ఫై ఒకటి శుక్రవారం పడింది. ఆ సాయంత్రం చివరి దిమ్మ దించాక సీతారాం రెండు చేతులూ పొట్ట దగ్గర కలిపాడు. ఆమె మడమతో రెండుసార్లు గంట కొట్టింది. కిందికి దిగేసరికి అతను స్టోర్‌లో హెల్మెట్ అప్పగించి షిఫ్టు బస్సెక్కేశాడు. కేబిన్‌కి తాళం వేస్తుంటే ఆమె నిలబడి చూసింది. కళ్లు తుడుచుకోవడానికి కూడా చుట్టూ మనుషులున్నారు.

మర్నాడు శనివారం. సీతారాం వీడ్కోలు సభ కూడా హరిప్రసాద్ అదే హాలులో పెట్టించాడు, అది అయ్యాక మామూలుగా ఆట ఉంటుందని. బయల్దేరే ముందు ఉమామహేశ్వరి కూతురితో అంది: "ఈయేల ఒక్క పాట. మద్దిలో ఆగిపోనానంటే మల్లీ ఆ గుమ్మం తొక్కను. మల్లీ నన్ను రమ్మని అడక్కు."

సౌజన్య వంగి తల్లి చీర కుచ్చెళ్లు సర్దింది.

సీతారాంకు దండ వేశారు, శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. సమోసా, లడ్డూ డబ్బాలు పంచారు. అతని భార్య నూకమ్మ పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. యోగిత తన శిష్యురాలి ఆట చూడ్డానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పాట మొదలైంది. హరిప్రసాద్ నవ్వుతూ చెయ్యి చాచాడు.

"రండి ఉమగారూ, మీ పన్నెండు పాఠాలూ చూద్దాం."

మొదట బాగానే నడిచింది. ఆమె అడుగులు చూసి కుర్చీల్లో ఉన్నవాళ్లు ముందుకు వంగారు. హరిప్రసాద్ చెయ్యెత్తాడు. ఆమె ఆగిపోయింది. వెనకనుంచి వస్తున్న జంట వచ్చి ఆమెను ఢీకొన్నారు. నవ్వేసి మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ చెయ్యెత్తాడు, మళ్లీ ఆగింది. మూడోసారి హరిప్రసాద్ ఏ చెయ్యీ ఎత్తలేదు. అవతల గుమ్మం దగ్గర ఎవరో, టీ పోసేవాడికి చాలు చాలని అరచెయ్యి చూపారు. హాలు మధ్యలో ఉమామహేశ్వరి కొయ్యబారిపోయింది.

జనం గొల్లుమన్నారు. అందులో చెడ్డబుద్ధి ఏమీ లేదు, నవ్వు అలా వచ్చేసిందంతే. "ఇందుకే నేను ముందే చెప్పాను," అన్నాడు హరిప్రసాద్, కాస్త జాలిగానే. ఆ జాలే ఆమెను కోసింది. దాన్ని తప్పించుకోడానికే కదా నలభై అడుగులు ఎక్కింది. తలెత్తకుండా గోడ పక్కకి నడిచి చెప్పులు వెతుక్కుంది.

"సార్," అని ఓ గొంతు వినబడింది. సీతారాం మెడలో దండతోనే లేచి నిలబడ్డాడు. "సార్, ఆయమ్మ ఆగలేదు సార్. నేనే ఆపీసినాను. పంతొమ్మిదేళ్లనుంచి ఆపుతన్నాను. మనం కిందనుండి అరసెయ్యి సూపితే పైన ఆగిపోవాల. ఇప్పుడు మీరందరూ ఆడతా ఆడతా అరసేతులు సూపుతన్నారు. మరేటి సేత్తది?"

హాలులో నవ్వు ఆగిపోయింది. షాపు మనుషులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ కట్టుబాటు వాళ్లందరికీ కంఠతా వచ్చు, కానీ ఒక్కరికీ తట్టలేదు. ఉమామహేశ్వరి చెప్పు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

నూకమ్మ కూడా లేచింది. పెద్ద గొంతు ఆమెది. "ఆ ఆగడాన్నేటి నవ్వుతారు బాబూ? వానల్లో, ఎనిమిదేళ్ల కిందట, ఈయన సేతి తొడుగు గొలుసులో సిక్కడిపోయింది. బరువు లేత్తంది. సిగ్నలిచ్చే సెయ్యే ఇరుక్కుపోతే ఆపమని ఎవుడు సెప్తాడు? ఆ మూల ఊడుసుకుంటన్న చిన్నారావు సూసి అరసెయ్యి ఎత్తినాడు. అంత దూరంనుండి ఎత్తితే ఆయమ్మ ఆగింది. రెండు వేళ్లు వంకరపోయినాయి, మనిసి మిగిలినాడు. ఆయమ్మ ఆగబట్టే నా పసుపూ కుంకం నిలిచింది."

హరిప్రసాద్ సీతారాం వేళ్ల కేసి చూశాడు. ఆ ప్రమాదం నాటికి హరిప్రసాద్ ఇంకా ఆ షాపుకి రాలేదు.

నూకమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఏటలగ నిల్సున్నావు? ఎల్లు."

"నాకు డేన్సేటి తెల్దే."

"నిన్నెవుడు డేన్సు సెయ్యమన్నాడు? సెయ్యి సూపు."

సీతారాం దండ తీసి భార్య చేతికిచ్చాడు. హాలు మధ్యకొచ్చి, ఉమామహేశ్వరికి పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. యోగిత పాటను మళ్లీ మొదటినుంచి పెట్టింది.

అతను చెయ్యెత్తాడు. అరచెయ్యి కాదు. చూపుడువేలు ఒక్కటే నిలబెట్టి గాల్లో చిన్న సున్నా చుట్టాడు.

ఉమామహేశ్వరి తిరిగింది.

ఎలా తిరిగిందో ఆమెకే తెలియదు. చీర కుచ్చెళ్లు విప్పారి మళ్లీ కాళ్లను చుట్టుకున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. సీతారాం చెయ్యి చాచి ఎడమకి తోశాడు, ఆమె ఎడమకి వెళ్లింది. వేలు తన వైపు మడిచాడు, ముందుకు వచ్చింది. అతనికి ఒక్క అడుగూ రాదు. నిలబడ్డ చోటే నిలబడి, భుజం దగ్గరనుంచి వేలి చివరదాకా అదే నింపాది. అడుగులన్నీ ఆమెవి, యోగిత నేర్పినవి, మడమ పడే చోట మడమ, మునివేళ్లు పడే చోట మునివేళ్లు. చుట్టూ నిలబడ్డ జంటలు ఒక్కొక్కటిగా తప్పుకుని దారిచ్చాయి. సౌజన్య రెండు చేతులతో నోరు మూసుకుంది. తల్లి పని చేస్తుండగా ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూస్తోంది.

పాట సగంలో సీతారాం దగ్గరకి వచ్చాడు. మిగతా వాళ్లు ఎలా పట్టుకున్నారో చూసినట్టున్నాడు, బెరుకుగా ఆమె వీపు మీద చెయ్యి ఆన్చాడు. ఉమామహేశ్వరి ఉలిక్కిపడలేదు. నెల జీతం ఎక్కడికి పోయిందని అడిగినవాళ్లకి జవాబు అక్కడుంది, ఆ వీపు మీద. ఆ పన్నెండు పాఠాలూ లేకపోతే ఎంత తెలిసిన చెయ్యయినా ఆమె పది అడుగుల దూరంలోనే ఉంచేసేది. ఆమె తన చేతిని అతని రెండో చేతిలో పెట్టింది. ఇనుపముక్కలా గట్టిగా ఉంది. చివరి రెండు వేళ్లూ వంకరగా ఉన్నాయి. ఈ చేతిలో ఎక్కడ ఏ కణుపు ఎలా కదులుతుందో ఆమెకు తెలుసు. పంతొమ్మిదేళ్లుగా కళ్లార్పకుండా చూసింది. ఒక్కసారైనా ముట్టుకోలేదు. తలెత్తి చూస్తే ఎడమ కనుబొమలో ఓ పుట్టుమచ్చ కనబడింది. ఇంత పెద్ద మచ్చ ఉందా ఈయనకి అనుకుంది. ఆమె కళ్లు చెమర్చాయి, కాళ్లు మాత్రం ఆగలేదు.

పాట అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలని కూడా ఎవరికీ తోచలేదు. గుమ్మం దగ్గర యోగిత చూపుడువేలు నిలబెట్టి, ఆ సున్నా ఎలా చుట్టాలో తనలో తాను ప్రయత్నిస్తోంది.

సీతారాం రెండడుగులు వెనక్కి వేసి, రెండు చేతులూ పొట్ట దగ్గర కలిపి పట్టుకున్నాడు.

ఉమామహేశ్వరి కుడికాలు గంట మీట కోసం వెతికింది. అక్కడ మీట లేదు, నున్నటి చెక్క నేల ఉంది. ఆమె మడమ ఎత్తి ఆ నేల మీదే రెండుసార్లు కొట్టింది.

సీతారాం అలవాటు కొద్దీ తలెత్తి కప్పు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. మెల్లగా చూపు దించి, ఎదురుగా నేల మీద నిలబడి ఉన్న ఆమెను చూశాడు.

"ఇక్కడే ఉన్నానన్నా," అంది ఉమామహేశ్వరి.